తాడు కింది కొస

ఉడుతా,

ఎలా ఉన్నావని అడగను. అడిగితే తిన్నావా, తలుపు గడియ పెట్టావా అనేదాకా పోతానని నాకు తెలుసు. ఫోన్లో నా నోట జాగ్రత్త అనే మాట తప్ప ఇంకోటి రాదని నువ్వు అన్న దగ్గర్నుంచి ఫోను ముట్టుకోవాలంటేనే జంకు. కాగితమైతే మధ్యలో పెట్టెయ్యలేవు కదా. చదవకుండా చింపెయ్యగలవు, అది వేరే సంగతి. నా రాత నీకు తెలిసిందే, మూడో తరగతితో ఆగిపోయిన చెయ్యి. ఓపిగ్గా కూడబలుక్కో.

కింది వాటాలో కుట్టుపనామె నిన్న తన ఫోన్లో ఒక ఫొటో చూపించింది. "మామ్మా, మీ మనవరాలు చూడు, బల్లిలా గోడకి ఎలా అతుక్కుందో" అని నవ్వింది. చూశాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఎక్కడో ఎత్తున వేలాడుతున్నావు. ఫొటోలో నేల కనపడటం లేదు. ఆవిడ నవ్వుతూనే ఉంది. నేను చూసుకోకుండా సూదులున్న పీట మీద కూర్చోబోతే ఆవిడే చెయ్యి పట్టుకుని ఆపింది. అది కొండెక్కడం నేర్పే గోడట, బలం వచ్చాక నిజం కొండే ఎక్కుతావట కదా.

చిన్నప్పుడు బీరువా అరలు పట్టుకుని పైకి పాకుతుంటే నీకు ఉడుత అని పేరు పెట్టింది నేనే. దింపి వీపు మీద ఒకటి వేసిందీ నేనే. మీ అమ్మ నిన్ను నా ఒళ్ళో పెట్టి పోయినప్పటి నుంచి నేను నీతో ఎక్కువగా అన్న మాట ఏదైనా ఉంటే అది వద్దు అనే మాట. ఉయ్యాల వద్దు, సైకిలు వద్దు, మేడ మీద పిట్టగోడ దగ్గరికి వెళ్ళొద్దు. ఇల్లు వదిలి వెళ్ళిన రోజు చెప్పులేసుకుంటూ అన్నావు చూడు, "నీ భయం కింద నాకు ఊపిరాడట్లేదు అమ్మమ్మా" అని. నువ్వు వెళ్ళిపోయావు కానీ ఆ మాట వెళ్ళలేదు. పొద్దున గ్లాసు కడుక్కుంటుంటే పక్కనే నిలబడి ఉంటుంది.

అయినా రాస్తున్నాను. మానెయ్యి తల్లీ. పైనుంచి పడితే ఏమవుతుందో నాకు తెలుసు. ఎలా తెలుసని మాత్రం అడక్కు.

నీ మీద బెంగతో,
అమ్మమ్మ

⁂

బంగారుతల్లీ ఉడుతా,

జవాబు రాలేదు. వస్తుందని నేనూ అనుకోలేదు. కానీ పోస్టుమాన్ మెట్లెక్కే చప్పుడైతే చాలు, తలుపు తీసి నిలబడుతున్నాను. అతను పాపం "ఏం లేదు మామ్మగారూ" అని మొహం పక్కకి తిప్పుకుంటున్నాడు, తప్పు తనదే అయినట్టు.

నేనొక పని చేశాను. తిట్టకు. మన వీధి చివర పాత గోడౌనుని గోడలెక్కడం నేర్పే హాలుగా మార్చారు కదా. నువ్వు వచ్చేది అక్కడికేనేమో, చాటుగా ఒకసారి నిన్ను చూసి వచ్చేద్దామని వెళ్ళాను. ఇలాంటివి ఊళ్ళో ఇంకా ఉంటాయని నాకేం తెలుసు? నువ్వు లేవు. గుమ్మం దగ్గర తచ్చాడుతుంటే పొట్టి జుట్టు అమ్మాయి ఒకతె వచ్చింది. అక్కడి కోచ్. మనిషి పిడికెడు, గొంతు మాత్రం మైకు మింగినట్టు ఉంటుంది. "కొత్తవాళ్ళ క్లాసుకా మామ్మగారూ? రండి రండి, చెప్పులు అక్కడ వదిలెయ్యండి" అంది. మనవరాలి మీద నిఘాకి వచ్చానని ఏ మొహం పెట్టుకుని చెప్పను? అవునన్నాను. అలా చేరిపోయాను. నువ్వు వదిలేసి వెళ్ళిన నల్ల ప్యాంటు వేసుకుంటున్నాను, కింద మడతపెట్టి.

గోడ ఎక్కించలేదులే, కంగారుపడకు. ముందు బలం రావాలంది. ఇనప కమ్మీ పట్టుకుని, పాదాలు స్టూలు మీదే ఉంచి, ఒంటి బరువు కొంచెం కొంచెంగా చేతులకి ఇమ్మంది. చెమటకి పట్టు జారకుండా అరచేతులకి సుద్దపొడి కూడా రాయించింది. అయినా బరువు ఇచ్చానో లేదో వేళ్ళు జారిపోయాయి. "సిగ్గేం లేదండీ, ఇక్కడ అందరం జారినవాళ్ళమే" అంది. ఇంటి దగ్గర రెండు చేతులా నీళ్ళ బకెట్లు పట్టుకుని, భుజాలు పైకి లేవకుండా నడవమంది. తడి తువ్వాలు పిండమంది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమంది. కొండ ఎక్కేది కాళ్ళతోనట, చేతులున్నది రాయిని వదిలిపోకుండా ఉండటానికేనట. నువ్వు ఫొటోలో చేతుల మీదే వేలాడుతున్నట్టు కనిపించావు. అందుకని ఇంత వివరంగా రాస్తున్నాను.

కుర్చీ మాట వచ్చింది కాబట్టి ఎవరికీ చెప్పనిది ఒకటి రాస్తాను. నువ్వు వెళ్ళాక ఒక మధ్యాహ్నం, మంచం కిందికి దొర్లిన మాత్ర కోసం నేల మీద కూర్చున్నాను. తిరిగి లేవలేకపోయాను. పడలేదు, దెబ్బ తగల్లేదు, ఊరికే లేవలేకపోయాను. పిలుద్దామంటే ఎవరిని పిలవను? కిటికీలోంచి పడ్డ ఎండ గోడ మీదికి పాకి, అక్కణ్ణుంచి కూడా వెళ్ళిపోయేదాకా అలాగే ఉన్నాను. చివరికి మంచం కోడు పట్టుకుని ఎలాగో లేచాను. ఆ రోజు నుంచి నేలంటేనే భయం పట్టుకుంది.

ఇంకో ఘనకార్యం విను. త్వరగా బలం వస్తుందని ఇంట్లో కర్టెన్ కమ్మీ పట్టుకుని వేలాడాను. కమ్మీ, కర్టెన్, గోడ సున్నం, నేనూ, అందరం కలిసి కిందికొచ్చాం. కుట్టుపనామె పరిగెత్తుకొచ్చి "ఏంటి మామ్మా ఆ చప్పుడు, కోతులొచ్చాయా?" అంది. "ఒక్కటే వచ్చింది" అన్నాను. నవ్వుతూ నవ్వుతూ లేచి నిలబడ్డాను. నిలబడ్డాక గానీ తెలియలేదు, ఎవరి సాయం లేకుండా నేల మీద నుంచి లేచానని.

కోచ్ మాత్రం ఊరుకోలేదు. "కండ తొందరగా వస్తుంది మామ్మగారూ, వేళ్ళలో నరం నిదానంగా వస్తుంది. దానికి విశ్రాంతి ఇవ్వకపోతే తెగి కూర్చుంటుంది" అని గట్టిగా కోప్పడింది. నువ్వు విశ్రాంతి తీసుకుంటున్నావా?

ఇప్పుడు అసలు సంగతి. ఎవరు గోడెక్కుతున్నా నేను కింద నిలబడి గొణుగుతూ, రెప్ప వెయ్యకుండా చూస్తుంటానట. అది కోచ్ కనిపెట్టి తాడు పట్టుకోవడం నేర్చుకోమంది. తాడు గోడ పైనున్న కమ్మీ మీదుగా తిరిగి కిందికొస్తుంది. ఎక్కేవాళ్ళ నడుం పట్టీకి ఒక కొస, కింద ఉన్న మనిషికి రెండో కొస. జారితే ఆపాల్సింది కింది మనిషే. నేను చచ్చినా పట్టుకోనన్నాను. కారణం ఉంది. ఆవిడ పట్టు వదల్లేదు. తాడుని బిగించే మర ఒకటి ఉంది. గాల్లోకి లేచిపోకుండా నా నడుముకి ఇసుక మూట కట్టారు. మొదట్లో ఆవిడే నా వెనకాల తాడు పట్టుకుని నిలబడేది.

అక్కడొక పద్ధతి ఉంది. ఎక్కే ముందు ఇద్దరూ ఒకరి ముడి ఒకరు చూసుకోవాలి. పైకెళ్ళే మనిషి "ఎక్కనా?" అనాలి. కింది మనిషి "ఎక్కు" అనాలి. ఆ మాట వినపడకుండా నేల వదలకూడదు. నేను ముడి చూస్తాను, మళ్ళీ చూస్తాను, లాగి చూస్తాను. వరసలో ఉన్న బ్యాంకు గుమస్తా ఒకాయన "తాళం వేసిన తలుపు పదిసార్లు లాగి చూసే బాపతా మీరు?" అన్నాడు. "గ్యాసు కట్టేశానో లేదోనని సగం మెట్ల నుంచి వెనక్కి పోయే బాపతు కూడా బాబూ" అన్నాను. ఇప్పుడు అతనే, తాడు నా చేతిలో ఉంటే తప్ప ఎక్కడు. ఎవరెవరినో ఎక్కు, ఎక్కు అని పంపిస్తున్నాను తల్లీ. ఇంటికొస్తే పలకరించే దిక్కు ఉండదు.

ఆదివారం పొద్దున కొత్తవాళ్ళకి తాడు పట్టేది నేనే. నిన్ను రమ్మనటం లేదు. ఊరికే రాశాను.

అరచేతుల నిండా సుద్దపొడితో,
మీ అమ్మమ్మ

⁂

నా ఉడుతా,

నువ్వు బస్సెక్కి వెళ్ళాక నేరుగా ఇంటికొచ్చి ఈ కాగితం తీశాను. ఈ ఆదివారం హాలుకి నువ్వు వస్తావని నేననుకోలేదు.  వరసలో నిలబడి, నీ వంతు వచ్చాక నా ముందుకొచ్చి పట్టీ చూపించావు. చిక్కిపోయావు. అది అనలేదు. నీ ముడి చూశాను, మళ్ళీ చూశాను. నేను చూసినంతసేపూ నువ్వు గోడ పైకి చూస్తూ నిలబడ్డావు. తర్వాత గోడ మీద చెయ్యి వేసి "ఎక్కనా?" అన్నావు.

ఎక్కు అనడానికి నాకు అంతసేపు ఎందుకు పట్టిందో నీకు చెప్పాలి. వెనక వాళ్ళు గొణుగుతున్నారు, కోచ్ ఏమైందంటూ వచ్చింది, నువ్వు మాత్రం కదలకుండా ఆగావు.

నేను మీకు చెప్పినట్టు మీ తాతయ్య జ్వరంతో పోలేదు. ఆయన పెద్ద పెద్ద మేడలకి రంగులేసేవాడని నీకు తెలుసు. తాడుకి కట్టిన చెక్క పలక మీద కూర్చుని వేసేవాడు. ఆ రోజు నేను అన్నం డబ్బా పట్టుకుని రోడ్డు అవతల నిలబడి ఉన్నాను. ఆయన నన్ను చూసి కుంచె ఊపాడు. తాడు తెగలేదు ఉడుతా. అక్కడున్నవాళ్ళందరూ తాడు తెగిందనే అనుకున్నారు. కింద పట్టుకున్నవాణ్ణి ఎవరో పిలిచారు. వాడు అటు తిరిగాడు. అంతే. మీ అమ్మకీ చెప్పలేదు, నీకూ చెప్పలేదు. చెబితే మీరు కూడా నాలాగే బతుకుతారని భయం. చెప్పకుండానే నీకు ఊపిరాడకుండా చేశాను.

నువ్వు "ఎక్కనా?" అన్నప్పుడు నా నోట్లోకి వచ్చింది వద్దు అనే మాటే. పళ్ళ వెనకాల దాకా వచ్చేసింది. చేతుల్లో తాడు చూసుకున్నాను. ఇది నా చేతుల్లో ఉంది, ఎవరు పిలిచినా నేను తిరగను అనుకున్నాను. అప్పుడు ఎక్కు అన్న మాట బయటికొచ్చింది. ఎంత మెల్లిగా వచ్చిందంటే నీకు వినపడలేదేమోనని మళ్ళీ గట్టిగా అరిచాను. హాలంతా తిరిగి చూసింది. పుట్టి బుద్ధెరిగాక నా నోట ఎక్కు అనే మాట నువ్వు వినటం అదే మొదలు కదా.

సగంలో నీ పాదం జారింది. నీ బరువంతా నా నడుం మీదికొచ్చింది. ఇసుక మూటతో సహా మునివేళ్ళ మీదికి లేచాను. కానీ ఆగావు. నువ్వు గాల్లో ఊగుతూ కిందికి చూశావు, నేను పైకే చూస్తున్నాను. చాలా కాలానికి మనం మొహం మొహం చూసుకున్నాం.

దిగాక నా అరచెయ్యి తిప్పి, పొక్కుల మీద వేలు పెట్టి "సుద్దపొడి తక్కువ రాసుకో" అని మాత్రం అని వెళ్ళిపోయావు. అదే చాలు. ఇల్లు ఎప్పటిలాగే ఉంది. కుళాయి చుక్కలు పడే చప్పుడు వినపడేంత నిశ్శబ్దంగా ఉంది. ఇంతలోనే నిన్ను తిరిగొచ్చెయ్యమని అడగను.

ఆదివారం మళ్ళీ రా. తిన్నావా అని అడగను, ఎందుకు చిక్కావని అడగను. ముడి సరిగ్గా ఉందా అని మాత్రం అడుగుతాను. అది అడక్క తప్పదు, అక్కడి పద్ధతి అది.

తాడు కింది కొసన,
మీ అమ్మమ్మ