పరుపుతోపాటు కవితలు కూడా

నేను, గెరావ్ మిరాంబెల్, వయసు ఇరవై తొమ్మిది, బార్సెలోనా రేవుపేటలో కాపురం. పదేళ్లకే బడి మానేశాను, ఆ తరవాత ఏ పనిలోనూ ఏడాది నిలవలేదు. ఊపిరితిత్తులు చెడ్డాయి గానీ బుర్ర చెడలేదు. ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో ఈ వీలునామా చెబుతున్నాను. అచ్చాఫీసు ఒలెగెర్ గుమ్మం అవతల కూర్చుని రాస్తున్నాడు. దీన్ని అమలుపరిచే బాధ్యతా వాడిదే.

1. మా కాతలాన్ల చట్టంలో వారసుడి పేరు లేని వీలునామా చెల్లదు. నా వారసురాలు నా కూతురు రోసెర్, మూడేళ్లది. అచ్చయిన నా రెండు పుస్తకాల మీద హక్కులు దానివే. పెద్దయ్యాక వాటిని చదవకపోయినా హక్కు పోదు.

2. నా భార్య రెమెయ్‌కి కిటికీ పక్క కుర్చీ, మళ్లీ పెళ్లి చేసుకునే స్వేచ్ఛ. నేను పోయానని నల్లబట్టలు ఎక్కువ రోజులు కట్టొద్దు. నీకు ఆ రంగు నప్పదు.

3. నా శిష్యుణ్ణని కాఫీ హోటళ్లలో చెప్పుకునే నార్సిస్‌కి: నేను కవితని నిచ్చెనలా నిలబెడితే వాడూ నిలబెట్టాడు. అక్షరాల్ని అలల్లా వంచితే వాడూ వంచాడు. ఇప్పుడు సభల్లో రుమాలు అడ్డం పెట్టుకుని నాలాగే దగ్గుతున్నాడట, ఎద్దులాంటి ఛాతీ పెట్టుకుని! వాడికి జ్ఞాపకంగా నా కోటు గానీ, దిండు గానీ ఇవ్వొద్దు. ఒరేయ్, నీ ఊపిరి నువ్వు పీల్చుకో.

4. ఉన్ని పరుపు. అమ్మ పెళ్లికి తెచ్చుకున్న ఉన్ని. దీనిమీదే మా అన్న ఫెలియు ఇదే జబ్బుతో పోయాడు. మా పేటలో ఉన్ని పారేసే ఇల్లాలు లేదు. అమ్మ దాన్ని ఉతికి, డాబా మీద ఎండేసి, బెత్తాలతో కొట్టించి, కొత్త గలీబు కుట్టించి నా పెళ్లికి ఇచ్చింది. నిన్న కూడా అంది: "బంగారం లాంటి ఉన్నిరా నాయనా, ఇంకోసారి ఉతికిస్తే రోసెర్‌కి చక్కటి పరుపొస్తుంది." అమ్మా, నీ మీద కోపం లేదు. కానీ అది కాలిపోవాలి. నేను పోయిన రోజే, సముద్రపు ఒడ్డున, ఒలెగెర్ చేత్తో. పిడికెడు ఉన్ని కూడా దాచొద్దు.

5. ఈ చలికాలమంతా ఆ పరుపు మీద రాసుకున్న కవితలు. నా రాతల్లో ఇవే మంచివి. అచ్చు కాలేదు. ప్రతి కాగితం మీదా దగ్గాను. నోటితో చెప్పి రాయిద్దామంటే కుదరదు, వాటిలో సగం బొమ్మే. నార్సిస్ గుమ్మంలో నిలబడి బతిమాలాడు: "అక్షరాలకి క్షయ ఉంటుందా గురూ? రేపు రాసేవాళ్లందరికీ ఇవే దారి. నాకిచ్చెయ్, ఇనప్పెట్టెలో పెడతా." ఆ పెట్టె ఎప్పుడో ఒకరోజు రోసెరే తెరుస్తుంది. పైగా, నా కాగితాలు నేను దాచుకుని, నీ ఉన్ని తగలెయ్యమంటే అమ్మ ఎందుకు వింటుంది? అందుకని అమ్మ చూస్తుండగా ముందు కవితలు మంటలో వెయ్యాలి. అవి పూర్తిగా కాలాక పరుపు అడగాలి. అప్పుడు ఇస్తుంది.

1926 ఫిబ్రవరి 11, బార్సెలోనా.

సంతకం: పెట్టలేదు. ఈ కాగితం రోసెర్ చేతికి వెళ్లేది, నేను ముట్టుకోను. ఇదంతా నా నోటి మాటేనని గుమ్మం అవతల నిలబడి విన్న సాక్షులు:

మెల్సియోర్ బ్రుగేరా, వలలు అల్లేవాడు
ఇసిద్రె కాసాస్, పీపాలు చేసేవాడు
జెనీస్ రిబా, మందుల షాపు