రంగు గది గొళ్ళెం

1940 జూలై 3, బుధవారం

శాలిబండ అద్దకం కార్ఖానాలో ఇవాళా అదే తంతు. రంగు కలిపే వేళకు గుండయ్య మేస్త్రీ అందరినీ బయటికి తోలి లోపల గొళ్ళెం పెట్టుకున్నాడు. ఉస్తాదులంతా గిట్లనే చేస్తరట! రాహేలు పన్నెండేళ్ళుగా అక్కడ రంగు బట్టలు పిండుతోంది. మోచేతుల దాకా నీలం. ఆమె వానలో నిలబడింది. మేనేజర్నయిన నేనూ నిలబడ్డాను. సిగ్గులేని బతుకు.

జూలై 4

మేస్త్రీతో పెద్ద లొల్లి. రాహేలుకు పని నేర్పమన్నాను. నేర్పితే రేపు నన్నెవరు అడుగుతరు, మీ కుర్చీ మీరిడుస్తరా సాబ్, అన్నాడు. విడుస్తానన్నాను. అబద్ధం.

ముసలాయన భయమని జాలిపడాలా? పడను. తన విద్యను మరొకరి గొంతు మీద కాలులా పెట్టేవాడు ఉస్తాదెట్లా అవుతాడు? దొర అవుతాడు. దొరలు ఊళ్ళలోనే ఉంటారని ఎవడన్నాడు?

జూలై 10

గుండయ్యకు జ్వరం. సోమవారానికి నలభై తానుల నీలం ఆర్డర్. యుద్ధంతో జర్మనీ రంగు బంద్, స్టాక్‌లో ఒకటే డబ్బా. రాహేలును కలపమన్నాను. తలుపు సందులకెళ్ళి వచ్చే వాసనతోనే నేర్చుకున్న సార్, అని నవ్వింది. మొదలుపెట్టింది.

నేను ఊరుకున్నానా? వెనకే నిలబడ్డాను. మంట ఎక్కువన్నాను. ఉప్పు తక్కువన్నాను. ఇంకా టైం కాలేదు సార్ అంటున్నా వినక, కలిపే కర్ర లాక్కుని ఉప్పంతా ఒక్కసారే గంగాళంలో గుమ్మరించాను. అయిదు తానులు మచ్చలు పడ్డాయి.

రాహేలు వెళ్ళి బయట నిలబడింది. ఎవరూ తోలకుండానే.

జూలై 11

కార్మికుల హక్కుల మీద పత్రికకు సగం రాసిన వ్యాసం చింపేశాను.

జూలై 12

కార్ఖానా యజమాని సేఠ్ బాబురావు వచ్చాడు. ఆడదాని చేతికి రంగిస్తే గిట్లనే అయితది, తీసెయ్ దాన్ని, అని అరిచాడు. చెడగొట్టింది నేనని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఆమెను తీసేస్తే నేనూ పోతానన్నాను. మిగిలిన తానులు కూడా చెడితే ఇద్దరూ పోతరన్నాడు.

రాహేలును మళ్ళీ కలపమని అడిగాను. ఒకటే షరతు పెట్టింది. మీరెనక ఉంటె నా లెక్క తప్పుతది, జర బయట ఉండున్రి సార్.

జూలై 13, పొద్దున తొమ్మిది

గొళ్ళెం ఊడబీకి జేబులో వేసుకున్నాను. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల రాహేలు. గుండయ్య జ్వరంతోనే వచ్చి నా పక్కన నిలబడ్డాడు. గాలి పీల్చి, రంగు పట్టింది, అన్నాడు.

వాన. ఇద్దరం లోపలికి పోలేదు.