బడి వెనుక

ఉప్పాడ,
ఆగస్టు, 1998

ప్రియమైన ఉమాశ్రీకి,

పిఠాపురం కాలేజీలో నా పక్కన కూర్చున్నదానివి, ఇప్పుడు రాజమండ్రిలో ఇంగ్లీషు లెక్చరరువి. అందుకే ఈ కోపం నీకే రాస్తున్నాను.

మేం చేపలు ఎండబెట్టుకునే ఇసుకంతా సముద్రం తినేసింది. తుఫాను సాయం ఇచ్చే ఒక సంస్థకు, షెడ్డు కావాలని అర్జీ పెట్టాం. ఇంగ్లీషులోనే ఉండాలన్నారు. నేనే రాశాను: "We need a shed for women drying fish behind the school."

కాకినాడ నుంచి వాళ్ళ ఆఫీసరు వచ్చాడు. బడి వెనక్కి తొంగిచూసి, "ఇక్కడ చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళెవరూ లేరే!" అని అర్జీ కొట్టేశాడు. బడి వెనుక కావాల్సింది షెడ్డండీ అంటే, "ఇంగ్లీషు వచ్చినవాళ్ళతో రాయించుకో అమ్మా" అని అందరి ముందూ నవ్వాడు. మా పెద్దమ్మ లోవలక్ష్మి తల దించుకుంది. నేను దించలేదు.

నా వాక్యంలో తప్పేంటే?

నీ సత్యకుమారి

రాజమండ్రి,
ఆగస్టు

ప్రియమైన సత్యా,

తప్పుంది. "బడి వెనుక" అన్న మాట దేని గురించో దాని పక్కనే ఉండాలి. నువ్వు దాన్ని చేపలు ఎండబెట్టడం పక్కన పెట్టావు. దాంతో ఆడవాళ్ళు బడి వెనక్కి వెళ్ళిపోయారు, షెడ్డేమో ఎక్కడ కావాలో తెలియకుండా పోయింది. ఆ మాటని షెడ్డు పక్కకి జరుపు: "We need a shed behind the school for women drying fish." మా పిల్లలూ ఏడాది పొడుగునా ఇదే తప్పు చేస్తారు.

ఆ ఆఫీసరుతో గొడవపడకే. అర్జీ మొత్తం నేనే రాసి, టైపు చేయించి పంపుతున్నాను. సంతకాలు పెట్టించు చాలు.

ప్రేమతో,
ఉమ

ఉప్పాడ,
సెప్టెంబరు

ఉమా,

నీ టైపు కాగితం అందింది. ఇవ్వలేదు, ఏమీ అనుకోకు. అదిస్తే మాకు ఇంగ్లీషు రాదని ఆయన అన్నదే నిజమైపోతుంది. నా చేత్తోనే మళ్ళీ రాశాను. ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఈ మాట ఎవరిది, వాళ్ళ పక్కనే ఉందా అని చూసుకున్నాను.

ఆఫీసరు చదివాడు. నవ్వలేదు. "బాగానే ఉంది. కానీ అక్కడెవరూ ఎండబెట్టడం లేదని రిపోర్టు పైకి వెళ్ళిపోయింది. వచ్చే ఏడాది చూద్దాం" అన్నాడు.

వచ్చే ఏడాదిదాకా మేం ఆగం. ఏం చెయ్యమంటావని నిన్ను అడగడం లేదు, చెబుతున్నానంతే.

సత్య

రాజమండ్రి,
అక్టోబరు

సత్యా,

నీ దగ్గర్నించి ఉత్తరమే లేదు. ఉప్పాడ బడి దగ్గరికి పోలీసులొచ్చారని పిఠాపురం నుంచి వచ్చిన మా తాతాజీ బాబాయి చెప్పాడు. ఏం చేశావే? నువ్వు బాగానే ఉన్నావా? వెంటనే రాయి.

కంగారుగా,
ఉమ

ఉప్పాడ,
అక్టోబరు

ప్రియమైన ఉమా,

నిక్షేపంలా ఉన్నాను. పోలీసులొచ్చింది నిజమే. ఎవరూ ఎండబెట్టడం లేదని రాశారు కదా, అందుకని వెళ్ళి ఎండబెట్టాం! దసరా సెలవుల్లో ఆడవాళ్ళందరం తట్టలతో నెత్తళ్ళ చేపలు తెచ్చి బడి వెనుక పరిచేశాం.

ఎస్సై వచ్చి తియ్యమన్నాడు. నేను నోరు తెరిచేలోపే లోవలక్ష్మి పెద్దమ్మ ముందుకొచ్చింది. "పంచాయతీ స్థలమండి ఇది. తియ్యం. ఆ ఆఫీసరుగారినే పిలిపించండి, ఉన్నామో లేమో చూసుకుంటారు" అంది. నేనెప్పుడూ వినని గొంతు అది.

ఆయన వచ్చాడు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, చేపల మధ్య నిలబడే కొత్త రిపోర్టు రాశాడు. నా రెండో అర్జీ దానికి జత చేశాడు. నిన్న షెడ్డుకి పునాది తీశారు.

కెరటం ఇప్పుడు మా వీధి చివరిదాకా వస్తోంది. రాళ్ళ గోడ కావాలని కలెక్టరుగారికి రాస్తున్నాను, ఇంగ్లీషులోనే. ఇది నీకు చూపించనే. నేరుగా వెళ్ళి ఇచ్చేస్తాను.

నీ
సత్యకుమారి