ఆరని కప్పల సంచి

గుడియాత్తంలో చేనేత పని చేసి బతికిన దొరస్వామి గారి కుమార్తె, వేలూరు కాలేజీలో ఇరవై ఏడేళ్లు జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మహాలక్ష్మి అనే నేను, అరవై ఒక్కేళ్ల వయసులో, స్థిరచిత్తంతో, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. మతి సరిగానే ఉందని డాక్టరు ఇచ్చిన చీటీ జతచేశాను. దాని నకలు వేరే చోట దాచాను. ఇదివరకు రాసిన రెండు వీలునామాలూ రద్దు. రెండోదాన్ని ఎవరో తెరిచి చదివారని నా అనుమానం.

1. దీన్ని నా తమ్ముడి కూతురు సుజిత అమలు జరపాలి. ఆమె మీద నాకు అనుమానం లేదు. ఉన్నా, మా ఇంట్లో కప్పను చేత్తో పట్టుకునే మనిషి ఇంకొకరు లేరు. నా మైక్రోస్కోపు ఆమెకే చెందాలి. లెన్సులు నాలుగూ ఉన్నాయో లేదో చూసుకుని మరీ తీసుకోవాలి.

2. గుడియాత్తంలో మగ్గం ఉన్న ఇంట్లో నా వాటా తమ్ముడి భార్య పొన్నమ్మకు చెందాలి. కప్పలను పట్టి వేసుకోవడానికి లుంగీ గుడ్డతో సంచి కుట్టి ఇచ్చింది ఆమే. నా పట్టుచీరలు కూడా ఆమెకే. ఇన్నాళ్లూ బీరువాకు తాళం వేసుకున్నందుకు కోపం పెట్టుకోవద్దు.

3. నాతో పనిచేసిన బాలసుబ్రమణ్యానికి నా ఇనుప అల్మారా తాళం ఇవ్వాలి. తాళంచెవి ఇవ్వకూడదు. 1988లో నా నోటుపుస్తకంలోని కప్ప బొమ్మ ఆయన వ్యాసంలో అచ్చయింది. వెనకకాలి వేలు నేను తప్పుగా గీశాను. ఆయన బొమ్మలోనూ అదే తప్పు ఉంది.

4. ఇక మా ల్యాబ్ అటెండరు ధనపాల్ సంగతి. అతను తెలుగు మాట్లాడతాడు కానీ చదవలేడు. అందుకని ఈ నిబంధనను సుజిత అతని ఇంటికి వెళ్లి, అతని భార్యాబిడ్డల ఎదుట బిగ్గరగా చదవాలి.

గుడియాత్తం దగ్గరి మోర్ధానా అడవిలో మూడు వాగుల్లో కప్పలను ఏటేటా లెక్కపెట్టాను. 1991లో మొదటి వాగులో, 93లో రెండోదాంట్లో, 95లో మూడోదాంట్లో కప్పలు చర్మం పొరలుగా ఊడి చచ్చిపోయాయి. పొలాలకు కొట్టే మందును అనుమానించాను. కంకర లారీలను అనుమానించాను. చివరికి ధనపాల్‌ను అనుమానించాను. చచ్చిన కప్పలను నిలవ ఉంచే ఫార్మలిన్ మందు డబ్బా మోసేది అతనే. సీసాలు వాగులో కడుగుతున్నాడని ప్రిన్సిపాల్‌కు ఫిర్యాదు రాశాను. నేను కళ్లతో చూసింది లేదు. అతని ఉద్యోగం పోయింది. ఆంబూరులో చెప్పుల ఫ్యాక్టరీలో చేరాడు.

వెళ్లేముందు అతను ఒక మాట అన్నాడు: "ఇంగొక వాగు ఉండాదమ్మా. దాంట్లో కప్పలు బాగుండాయి. రాండి, చూపిస్తాను." నన్ను దారి తప్పించే ఎత్తు అనుకుని వెళ్లలేదు.

నిరుడు సుజిత తెచ్చిన పత్రికలో, కప్పల చర్మాన్ని పట్టే ఒక బూజు గురించి చదివాను. దానికి తడి కావాలట. నేను మగ్గం గుంట పక్కన పెరిగినదాన్ని. నూలు ఆరితే తెగుతుంది, చెమ్మ ఉంటేనే నిలుస్తుంది అని మా నాయన రోజూ చెప్పేవాడు. కప్పకూ అంతే అనుకున్నాను. సంచిని ఒక వాగులో ముంచి, ఆ తడితోనే తర్వాతి వాగుకు తీసుకెళ్లాను. పొన్నమ్మ ఎన్నిసార్లు చెప్పిందో: "ఏం వదినా, ఈ సంచి ఎప్పుడు చూసినా తడిగానే ఉండాది. ఒక పొద్దన్నా ఎండలో ఆరేస్తే ఏమైతాది?" ఆమెనూ కసిరాను.

మొదటి వాగుకు ఆ జబ్బు ఎలా వచ్చిందో తెలియదు. మిగతా రెంటికీ మోసింది నా సంచే అని ఇప్పుడు నా అనుమానం. సంచిని, సీసాల్లోని కప్పలను పరీక్షకు పంపాలి. ఫలితం ఏదైనా ధనపాల్ నిర్దోషి. ఆ ఫిర్యాదు తప్పని ప్రిన్సిపాల్‌కు ఈరోజే రిజిస్టర్ పోస్టులో రాశాను. వాళ్లు తొక్కిపెడతారని అనుమానం కనుక నకలూ, రసీదూ ఇక్కడ ఉంచాను. ధనపాల్, నిన్ను క్షమాపణ అడుగుతున్నాను.

5. పోయిన నెల ధనపాల్ నుంచి ఒక క్యాసెట్ వచ్చింది. మొదట అతని గొంతు: "అమ్మా, ఐప్పసి నెల వాన బాగా పడినాది. ఆ వాగులో కప్పలు అరస్తా ఉండాయి. వినండి." కప్పల అరుపులు నేను పట్టిన పాత క్యాసెట్‌కు నకలేమోనని మూడుసార్లు విన్నాను. మూడోసారి ఏడ్చాను. ఆ అడవిలో నేను అడుగుపెట్టని వాగు అదొక్కటే. నా నోటుపుస్తకాలన్నీ, పైన చెప్పిన అల్మారా తాళంచెవీ ధనపాల్‌కు చెందాలి. ఆ వాగు ఎక్కడుందో ఎవరికి చెప్పాలన్నా, మానాలన్నా అతని ఇష్టం.

6. నన్ను గుడియాత్తంలోనే దహనం చేయాలి. అత్తకు ఇష్టమని నా బూడిదను ఆ నాలుగో వాగులో కలపాలని సుజితకు అనిపించవచ్చు. వద్దు. నేను అక్కడికి వెళ్లకూడదు.

వేలూరు, 1999 డిసెంబరు 6.

(సంతకం) దొ. మహాలక్ష్మి

నా ఎదుట, ఒకరినొకరు చూస్తుండగా సంతకం చేసిన సాక్షులు:
1. అంతోని, పోస్ట్‌మాన్, వేలూరు
2. చెంగల్రాయలు, మేస్త్రీ, గుడియాత్తం