ఆ రోజు పిల్లి గుర్రుమన్నది

మరదలికి,

మీ అక్క చివరి రోజు పొద్దుటి నుంచీ పిల్లి ఆమె పొట్ట మీదే పడుకుని గుర్రుమంటూ ఉంది. "తీసేయనా?" అన్నాను. "ఉండనీండి, మీ గురక కన్నా నయం" అంది. సాయంత్రం ఆమె పోయాక కూడా అది ఆపలేదు. ఇంత సంతోషమా అని కోపమొచ్చి బయటికి గెంటేశాను. నువ్వు దాన్ని చంకనెత్తుకుని మీ ఇంటికి తీసుకెళ్ళావు.

నాతో మాట్లాడమని నువ్వు చెప్పి ఉంచావట, నిన్న పశువుల డాక్టరు ఫోన్ చేశారు. పిల్లులు సంతోషానికే కాదు, బాధలో తమను తాము ఊరడించుకోవడానికి కూడా అలా గుర్రుమంటాయట. ఆ రోజు నాకు ఏడుపు రాలేదు. దానికి వచ్చింది.

దాన్ని ఇన్నాళ్ళూ చూసుకున్నందుకు, నన్ను ఒక్క మాటా అననందుకు నీ మేలు మరచిపోను. రేపు పొద్దున మీ అక్క శాలువా పరిచిన బుట్ట పట్టుకుని వస్తాను.

మీ బావ