తండ్రి వేషం

ప్రియమైన అత్తయ్యకు,

మా నాటకాల జట్టు నలుగురం క్షేమంగా చేరాం. బడి వెనక గదిలో ఉంటున్నాం. దాని తలుపుకి గడియ లేదు, కిటికీకి తలుపే లేదు. ఈ ఊళ్లో ఏడో తరగతి అవగానే ఆడపిల్లల్ని చదువు మాన్పిస్తారు. హైస్కూలు పక్క ఊళ్లో ఉంది. సెలవులయ్యి అది తెరిచేలోపు తండ్రుల్ని ఒప్పించకపోతే ఈసారి పిల్లల చదువూ ఇంతే సంగతులు.

నిన్న నాటకం వేశాం. కూతురి చదువు మాన్పించే తండ్రి వేషం మా జీపు డ్రైవరుది. మీసం మెలేసి "ఆడపిల్లకి చదువెందుకే!" అని గర్జిస్తే ఒకటే చప్పట్లు. చివర్లో "మీ పిల్లల్ని పంపుతారా?" అంటే అందరూ చేతులెత్తారు. గెలిచేశాం అత్తయ్యా!

మీ కోడలు


ప్రియమైన కోడలు పిల్లకి,

ఇంట్లో అంతా బాగే. నీ మొగుడు వండుతున్నాడు, నేనింకా బతికే ఉన్నాను. ఎత్తిన చేతులు చూసి మురిసిపోకు. బయటి మనిషి నలుగురిలో అడిగితే ఎవరు మాత్రం కాదంటారు? అది మర్యాద, మాట ఇవ్వడం కాదు.

ఆశీస్సులతో, అత్తయ్య


ప్రియమైన అత్తయ్యకు,

మీరన్నంతా అయింది. చేతులెత్తిన వాళ్లలో ఒక్కరూ పిల్లల పేర్లు ఇవ్వలేదు. ఇల్లిల్లూ తిరిగితే "చూద్దాంలేమ్మా" అంటున్నారు. తాపీమేస్త్రి అయితే మొహం మీదే తలుపేశాడు. ఆయన కూతురు కిటికీలోంచి నన్నే చూస్తూ నిలబడింది. ఏడుపు ఆగలేదు. రాతిగుండె మనుషులు. మూటాముల్లె సర్దుకుని వచ్చెయ్యాలనుంది.

మీ కోడలు


పిచ్చిపిల్లా,

వచ్చెయ్, ఎవరొద్దన్నారు? కానీ ఒక్క మాట. నన్ను గయ్యాళి అత్తని చేసి నలుగురిలో నాటకమాడి, మర్నాడు నా గుమ్మంలోకొస్తే నేనూ తలుపేస్తాను. ఆ మేస్త్రి ఎందుకు వద్దంటున్నాడో అడిగావా? నీకు చెప్పడమే వచ్చు, అడగడం రాదు. కాపురానికొచ్చిన కొత్తలోనే కనిపెట్టాను.

నీ గయ్యాళి అత్త


ప్రియమైన గయ్యాళి అత్తయ్యకు,

మీ ఉత్తరం చదివి కోపమొచ్చింది. తర్వాత సిగ్గేసింది. తిన్నగా మేస్త్రి గోడ కడుతున్న చోటికే వెళ్లాను. "తండ్రి ఏమంటాడో నాకు తెలీదన్నా. ఈసారి ఆ వేషం మీరే వెయ్యండి" అన్నాను. చాలాసేపు తాపీ ఆడిస్తూనే ఉన్నాడు. సాయంత్రం సిమెంటు చేతులతోనే నాటకానికి వచ్చాడు.

కూతురి వేషం వేసిన మా జట్టు పిల్ల "నాన్నా, బడికి పోతాను" అంది. ఆయన దాన్నే చూస్తూ అన్నాడు.

"నాకు మాత్రం లేదామ్మా పంపాలని? ఆ ఇటుక బట్టీల దారిలో ఒక్కదానివే ఎలా పోతావ్? నేను పనిలోకి పోతే నీ వెనక ఎవరుంటారు?"

తండ్రులందరూ తలలు దించుకున్నారు. నేను ఏదో చెప్పబోయి నాలుక కరుచుకున్నాను. అప్పుడు జనంలోంచి పాలామె లేచింది. "రోజూ పొద్దున్నే ఆ దారినే పోతాను. పిల్లలందర్నీ నాతో పంపండి, నేనేమన్నా పులినా?" సాయంత్రాలు తను తీసుకొస్తానని ఇంకొకామె లేచింది.

నాటకంలో తండ్రి అనాల్సిన మాట ఇంకొకటి మిగిలింది. "చదువూ వద్దు, గిదువూ వద్దు" అని మెల్లగా అందించాను. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. "ఆ మాట నా నోట రాదమ్మా."

ఇవాళ హైస్కూలు తెరిచారు. పాలామె ముందు, పిల్లలు వెనక. పని మానుకుని మేస్త్రి కూడా వచ్చాడు. గేటు దగ్గర కూతురు వెనక్కి తిరిగి "ఇంక నువ్వెళ్లు నాన్నా" అంది. సరేనన్నాడు గానీ, గంట కొట్టి పిల్లలందరూ లోపలికి వెళ్లిపోయినా అక్కడే నిలబడ్డాడు.

మీ కోడలు