పెన్‌కాట్ అనే మన ఇంటిపేరు

నాన్నా, నువ్వు పోయి నేటికి ఏడాది. వన్-నార్త్ అనే టెక్ పార్కులో ఉన్న మా సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు ఇంగ్లండు నుంచి కొత్త మేనేజరొచ్చాడు. అతని ఇంటిపేరూ పెన్‌కాటే.

"ఇది మా ఒక్క పల్లెలోనే ఉన్న పేరు. మీకెలా వచ్చింది?" అన్నాడు.

నువ్వు చెప్పిందే చెప్పాను: మన ముత్తాత కాలువ లాకులు చూసే ఇంగ్లీషు దొరగారి వంటామె కొడుకనీ, దొర అభిమానంతో బాప్తిస్మమిప్పించి తన పేరిచ్చాడనీ.

అతను లాప్‌టాప్‌లో వాళ్లింటి పాత ఫొటో ఒకటి తెరిచాడు. మన గోడ మీది ఫొటోయే అది, చంటి ముత్తాతను ఎత్తుకున్న ఆ తల్లిది. మనదాంట్లో పక్కభాగం కత్తిరించేశారు. ఆమె భుజం మీద నాలుగు వేళ్లు మాత్రం మిగిలాయి. అవెవరివని చిన్నప్పుడడిగితే చెంప పగలగొట్టావు. నువ్వు నన్ను కొట్టింది ఆ ఒక్కసారే.

ఇవాళ అతని పూర్తి ఫొటోలో ఆ వేళ్ల మనిషిని చూశాను. ముక్కు అచ్చం నీదే, నాన్నా.